సారె లేకుండా కుండ: చెరువు మట్టి నుంచి పిడకల ఆవం దాకా

కుండ అనగానే ఎవరికైనా కుమ్మరి సారె గుర్తొస్తుంది. కానీ మనిషి కుండ చెయ్యడం నేర్చుకున్న చాలా వేల ఏళ్లకి గానీ సారె పుట్టలేదు. చైనాలో షియాన్‌రెన్‌డాంగ్ గుహలో దొరికిన పెంకుల వయసు సుమారు 20,000 ఏళ్లు. అంత దూరం ఎందుకు, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు) ఒక బూడిద దిబ్బ ఉండేది. పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లో దాన్ని తవ్వితే అది కొత్త రాతియుగపు పశువుల దొడ్డి అని తేలింది. పేడ పేరుకోవడం, దాన్ని తగలబెట్టడం, మళ్లీ పేరుకోవడం, అలా పొరలు పొరలుగా బూడిద. ఆ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు కూడా కనిపించాయి. వాటితోపాటే చేత్తో చేసిన బూడిదరంగు కుండల పెంకులూ దొరికాయి. అప్పటివాళ్లకి అందుబాటులో ఉన్న సరుకు మట్టి, నీళ్లు, పేడ, నిప్పు. ఈ పనికి మనకి కావలసిందీ అంతే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. కుండకి ఆకారం ఇవ్వడం ఒక్కరోజు పని. మిగతా మూడు నాలుగు వారాలూ మట్టిలోకి నీళ్లు పట్టించడం, మళ్లీ ఆ నీళ్లని నెమ్మదిగా బయటికి పంపించడం. నేను మొదటిసారి కాల్చిన ఎనిమిదింటిలో ఏడు పగిలిపోయాయి. చేతిపని బాగానే కుదిరింది, నీళ్ల దగ్గరే తొందరపడ్డాను. అందుకే ఇందులో ఆకారం గురించి తక్కువ, మట్టి గురించీ ఆరబెట్టడం గురించీ ఎక్కువ ఉంటుంది.

మనం చెయ్యబోయేది జానెడు ఎత్తు, గుండ్రటి అడుగు ఉన్న వంటకుండ. దానికంటే ముందు చెయ్యి అలవాటు పడటానికి ఒకటి రెండు గురుగులు.

మట్టి వెతకడం

వేసవిలో చెరువు ఎండినప్పుడు వెళ్లండి. నెర్రెలిచ్చిన పై పొరలో ఆకులు, వేర్లు, గడ్డిగాదం ఉంటాయి. దాన్ని పక్కకి లాగేసి జానెడు లోతున ఉన్న మట్టి తియ్యండి. వాగు ఒడ్డున, బావి తవ్విన చోట, ఇటుకబట్టీల దగ్గర కూడా మంచి మట్టి దొరుకుతుంది. మీ ఊళ్లో కుమ్మరి ఇల్లు ఉంటే నేరుగా వెళ్లి అడగడమే మేలు. ఏ చెరువులో ఏ మూల మట్టి కుండకి పనికొస్తుందో వాళ్లకి తాతల నాటి నుంచీ తెలుసు. అడిగినప్పుడు మట్టి ఊరికే పట్టుకొచ్చెయ్యకండి, రెండు కుండలు కొనండి.

పిడికెడు మట్టి తడిపి పిసికి, చిటికెనవేలంత తాడులా చేసి చూపుడువేలికి చుట్టండి. పగుళ్లు లేకుండా చుట్టుకుంటే జిగురు ఉన్నట్టు. చిట్లిపోతే అందులో ఇసుకో ఒండ్రో ఎక్కువ. వేలికి పట్టుకుని వదలకపోతే జిగురు మరీ ఎక్కువ, దానికి వేరే మందుంది.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. తడిమట్టితో అప్పడమంత బిళ్ల చేసి, దానిమీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక ఆ గీతని కొలవండి. 9.5కో 9.2కో వస్తే పండగే. 9 కంటే తగ్గిందంటే ఆ మట్టి ఒంటరిగా పనికిరాదు. నల్లరేగడి ఇలాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఏప్రిల్‌లో పత్తిచేలో కాలు దూరేంత నెర్రెలు ఎందుకు పడతాయో, రేగడితో చేసిన కుండ ఎండలో ఎందుకు పగులుతుందో, రెండింటికీ కారణం ఒక్కటే. దాన్ని ఎర్రమట్టితోనో వాగు ఒండ్రుతోనో సగం సగం కలిపితే దారికొస్తుంది.

మూడోది సున్నం. మన నేలల్లో, ముఖ్యంగా రేగడిలో, తెల్లటి సున్నపు గుండ్లు చాలా ఉంటాయి. పొడిమట్టి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. బుస్సుమని నురగ వస్తే సున్నం ఉన్నట్టే. ఇది చేసే ద్రోహం వెంటనే తెలియదు. కాలినప్పుడు ఆ గుండు సున్నంగా మారుతుంది, తర్వాత గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది. కుండ చక్కగా వచ్చిందని మురిసిపోయి అలమారలో పెట్టుకుంటే, వారం తర్వాత పైన పెచ్చు ఊడి కింద తెల్లచుక్క కనిపిస్తుంది. నురగ కొంచెమే అయితే మట్టిని బాగా వడకడితే సరిపోతుంది. ఎక్కువైతే వేరే మట్టి చూసుకోండి.

మట్టిని లొంగదీయడం

తెచ్చిన మట్టిని ఎండలో పూర్తిగా, గలగలమనేదాకా ఎండబెట్టండి. ఎలాగూ నానబెట్టేదాన్ని ఎండబెట్టడం దేనికి అనిపిస్తుంది. చెమ్మగా ఉన్న గడ్డని నీళ్లలో వేస్తే రోజుల తరబడి గడ్డలాగే ఉంటుంది. గలగల ఎండిన గడ్డ వేస్తే పదినిమిషాల్లో బుడగలు వదులుతూ దానంతటదే విరిగిపోతుంది. ఓసారి రెండు గ్లాసుల్లో వేసి చూడండి, ఇంక జీవితంలో మర్చిపోరు.

ఎండిన మట్టిని గూటంతో చితక్కొట్టి, తొట్టిలో వేసి, మునిగేలా నీళ్లు పోసి రెండు రోజులు వదిలెయ్యండి. తర్వాత చెయ్యిపెట్టి బాగా కలిపి, పల్చటి మజ్జిగలా అయ్యాక పాత నైలాన్ చీర ముక్కలోంచో దోమతెర ముక్కలోంచో వడకట్టండి. రాళ్లు, వేర్లు, సున్నపు గుండ్లు పైన ఉండిపోతాయి. కిందికి దిగిన బురదని ఒక రాత్రి కదపకుండా ఉంచితే నీళ్లు పైకి తేలతాయి. ఆ నీళ్లు వంపేసి, చిక్కటి బురదని నూలుగుడ్డలో మూటగట్టి చెట్టుకొమ్మకి వేలాడదియ్యండి. పెరుగు వేలాడదీసినట్టే. రెండు మూడు రోజులకి చపాతీపిండి పాకానికి వస్తుంది.

ఇంత నున్నటి మట్టిని చూస్తే ముచ్చటేస్తుంది. కానీ వంటకుండకి ఈ నునుపే శత్రువు. ఉత్త మట్టి ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, లోపలి తేమ బయటికి రావడానికి దారి ఉండదు, మంట మీద వేడికి తట్టుకోదు. అందుకే అందులో కొంచెం గరుకు కలపాలి. పాతకాలం కుండలన్నిటి రహస్యం ఇక్కడే ఉంది, ఎవరికి ఏది దొరికితే అది కలిపారు. మణిపూర్‌లో ఉఖ్రూల్ జిల్లా లోంగ్‌పీలో తాంగ్‌ఖుల్ నాగాలు ఇప్పటికీ సారె లేకుండానే నల్లకుండలు చేస్తారు. వాళ్లు మట్టిలో ఒకరకం రాయిని పొడికొట్టి కలుపుతారు.

మనకి తేలికైనది పెంకుల పొడి. పగిలిన కుండ పెంకుల్ని రోట్లో దంచి, రవ్వ జల్లెడ పట్టండి. ఒకసారి కాలిన మట్టి కాబట్టి అది మళ్లీ ముడుచుకోదు, మంటలో కొత్తగా ఏ అల్లరీ చెయ్యదు. నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు పొడి. పెంకులు లేకపోతే సన్నటి వాగు ఇసుక అదే కొలతలో వెయ్యవచ్చు. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, అందులో ఉప్పూ గవ్వలముక్కలూ ఉంటాయి, గవ్వంటే మళ్లీ సున్నమే. ఊక, ఎండిన పేడపొడి కూడా వాడతారు. అవి మంటలో కాలిపోయి సన్నటి రంధ్రాలు మిగులుస్తాయి కాబట్టి నీళ్లకుండకి అవి మేలు.

ఇక తొక్కడం. గోనెసంచి పరిచి, మట్టి వేసి, పొడి చల్లుతూ మడమలతో తొక్కండి. మడతపెట్టి మళ్లీ తొక్కండి. అరగంటకి తక్కువైతే అది తొక్కడం కాదు. దారంతో ముద్దని రెండుగా కోసి చూస్తే లోపలంతా ఒకే రంగు, ఒకే మెత్తదనం ఉండాలి. అయ్యాక తడిగుడ్డ చుట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి వారం రోజులు నీడలో మాగనివ్వండి. మాగిన మట్టి సాగే తీరే వేరు. జానెడు కుండకి ఇలాంటి మట్టి రెండు కిలోలు చాలు, అయినా ఐదు కిలోలు సిద్ధంగా ఉంచుకోండి.

ముందు గురిగి

బత్తాయంత ముద్ద తీసుకుని గుండ్రంగా చెయ్యండి. ఎడమ అరచేతిలో పెట్టుకుని కుడి బొటనవేలు మధ్యలో దించండి, అడుగున వేలెడు మందం మిగలాలి. లోపల బొటనవేలు, బయట మిగతా వేళ్లు పెట్టి నొక్కుతూ, ముద్దని కొంచెం కొంచెంగా తిప్పుతూ పైకి రండి. నొక్కడం అడుగు నుంచి మొదలవ్వాలి. అంచు చివరిదాకా మందంగానే ఉండనివ్వండి, ముందే పల్చబడితే పువ్వులా విచ్చుకుని చిట్లిపోతుంది. పగుళ్లు వస్తే నీళ్లు పొయ్యడం అందరూ చేసే పొరపాటు. నీళ్లు ఎక్కువైతే గోడ మెత్తబడి కూలుతుంది. వేలు తడిపి పగులు మీద రాస్తే చాలు.

రెండు చేస్తే చాలు. ఎంత నొక్కితే ఎంత పల్చబడుతుందో వేళ్లకి తెలిసిపోతుంది.

తాళ్లు పేర్చి కుండ లేపడం

గుండ్రటి అడుగు నేలమీద నిలబడదు కాబట్టి ఏదైనా ఒడి కావాలి. పాత మూకుడుకి లోపల తడిగుడ్డ పరిచి, దాన్ని కుదురు మీద పెట్టండి. కుదురు ఉంటే మూకుడుని మెల్లగా తిప్పుకోవచ్చు. పాతరోజుల్లో కొన్నిచోట్ల తిప్పే పని కూడా పెట్టుకోలేదు, కుండని కదపకుండా చేసే మనిషే చుట్టూ తిరిగేది. మణిపూర్‌లోనే ఆంద్రో అనే ఊళ్లో ఆడవాళ్లు సారె లేకుండా ఇప్పటికీ కుండలు చేస్తున్నారు.

అరచేయంత ముద్దని సెంటీమీటరు మందం బిళ్లగా ఒత్తి మూకుడులో పరవండి. అది కుండ అడుగు. ఇప్పుడు మట్టిని రెండు చేతుల మధ్య వేలాడదీసి జంతికలా సాగదీసి, తర్వాత పీటమీద పెట్టి దొర్లించండి. చూపుడువేలంత లావు తాడు రావాలి. దొర్లించేటప్పుడు వేళ్లు విప్పి అరచెయ్యంతా ఆనించండి, లేకపోతే తాడు పలకగా అయిపోతుంది.

అడుగు అంచుని తుమ్మముల్లుతో గీరి, మట్టి కలిపిన చిక్కటి నీళ్లు రాసి, దానిమీద తాడుని చుట్టు తిప్పి చివరలు కలపండి. కొందరు పాములా ఒకే తాడుని పైదాకా చుట్టుకుంటూ పోతారు. నేను ఒక్కో వరుసని విడిగా మూసేస్తాను, అలా అయితే కుండ ఒక పక్కకి ఒరగదు. ప్రతి వరుస అతుకూ కింది వరుస అతుకు మీద పడకుండా చూసుకోవాలి, ఇటుకలు పేర్చినట్టే.

ఇక్కడ నిలబెట్టేదీ కూలగొట్టేదీ అతుకే. తాడు పెట్టగానే లోపలివైపు బొటనవేలితో పై తాడు మట్టిని కిందికి లాగి రుద్దండి. బయటివైపు చూపుడువేలితో కింది మట్టిని పైకి లాగి రుద్దండి. రెండు పక్కలా గీత కనపడకూడదు. అందంగా ఉందని బయట తాళ్ల గీతలు అలాగే వదిలేస్తే వదిలెయ్యండి గానీ లోపల మాత్రం ఒక్క గీత కూడా మిగలనివ్వకండి. మంటలో కుండ ఆ గీత వెంబడే విడిపోతుంది, చుట్టూ కత్తితో కోసినట్టు.

మూడు వరుసలు అయ్యాక ఆగండి. టీ తాగి రండి. కింది భాగం కొంచెం బిగుసుకోకుండా పైన బరువు పెడితే కడుపు కిందికి జారుతుంది. ఆగినంతసేపూ పై అంచు మీద తడిగుడ్డ వెయ్యడం మర్చిపోవద్దు, ఎండిన అంచుకి కొత్త తాడు అతకదు. కుండ బొజ్జ కోసం తాడుని కింది వరుసకి కొంచెం బయటిగా, మెడ కోసం కొంచెం లోపలిగా పెట్టండి. మెడ దగ్గర తాడు సన్నం చెయ్యండి. ఆఖరి వరుసని బయటికి వంచి, తడి తోలుముక్కో గుడ్డో మడిచి అంచు చుట్టూ ఒకసారి నిమిరితే అంచు నున్నగా వస్తుంది. గోడ మందం ఎంతుందో చూడాలంటే తుమ్మముల్లు గుచ్చి చూడండి. చిన్నవేలి గోరు వెడల్పు కంటే ఎక్కువ దిగితే అక్కడ మందం ఎక్కువన్నమాట. కొబ్బరిచిప్ప ముక్కతో లోపలినుంచి గీకి సమం చెయ్యండి.

రాయి లోపల, చెక్క బయట

పని ఇక్కడితో ఆపినా కుండే. కానీ అసలు కుండతనం దెబ్బలతో వస్తుంది. మన కుమ్మరులు సారె మీద చేసిన కుండకి కూడా గుండ్రటి అడుగు సారె మీద రాదు. దించాక, లోపల రాయి పెట్టి బయట చెక్కతో కొట్టీ కొట్టీ అడుగుని మూస్తారు. చాలా పాత పద్ధతి, ఇప్పటికీ చేతుల్లో బతికే ఉంది.

కుండని నీడలో సగంరోజు ఉంచండి. నొక్కితే వేలి ముద్ర పడాలి గానీ గోడ వంగకూడదు. పిడికిట్లో ఇమిడే నున్నటి వాగురాయి ఎడమచేత్తో లోపల ఆనించి, బయట సరిగ్గా ఆ రాయి ఉన్నచోటే చెక్కతో మెల్లగా కొట్టండి. చపాతీకర్ర కాదు, చదునైన చెక్క కావాలి. బట్టలుతికే బ్యాటు లాంటిది, అందులో సగం సైజు. రాయికీ చెక్కకీ బూడిద అద్దుకుంటే మట్టి అంటుకోదు. రాయి ఒకచోట, దెబ్బ ఒకచోట పడితే కుండకి సొట్ట పడుతుంది, అదృష్టం బాగాలేకపోతే చిల్లు. చప్పుడు విని తెలుసుకోవచ్చు. రాయి మీద పడిన దెబ్బ టప్పుమంటుంది, తప్పిన దెబ్బ బొద్దుమంటుంది. అడుగు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ పైకి రండి. దెబ్బలకి గోడ పల్చబడి కుండ వెడల్పవుతుంది, అతుకులు గట్టిపడతాయి.

'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అనే సామెతకి అర్థం, ఏడాదిపాటు చేసిన కుండలు దుడ్డుకర్ర ఒక్క దెబ్బకి పోతాయని. ఈ చెక్క పట్టుకున్న మొదటిరోజు అది బాగా బోధపడుతుంది.

అడుగు గుండ్రంగానే ఎందుకు ఉండాలంటే, పలక అడుగుకి మూల ఉంటుంది, మంట మీద పెట్టినప్పుడు అడుగు ఒకలా గోడ ఇంకోలా వేడెక్కి ఆ మూల దగ్గరే చిట్లుతుంది. గుండ్రానికి మూలే లేదు. పైగా మూడు రాళ్ల పొయ్యి మీద గుండ్రటి కుండ కూర్చున్నట్టు ఇంకేదీ కూర్చోదు.

నునుపు

మర్నాడు గోటితో గీస్తే సన్నటి గీత పడేంత గట్టిపడ్డాక, జేగురుమన్ను మెత్తగా నూరి వడకట్టి పాలలా కలిపి గుడ్డతో రెండుసార్లు పుయ్యండి. చెమ్మ లాగేసుకున్నాక నున్నటి గులకరాయితోనో గచ్చకాయతోనో ఒకే దిక్కుగా రుద్దండి. మొదట ఏమీ కాదు. పావుగంటకి ఒకచోట చింతపిక్క మెరిసినట్టు మెరుపు మొదలవుతుంది, ఇంక చెయ్యి ఆగదు. ఈ మెరుపు అందానికే కాదు, పైపొర రంధ్రాలు మూసుకుని నీళ్లు కారడం తగ్గుతుంది. పిడకల మంట వేడికి ఈ మెరుపు నిలుస్తుంది. నీళ్లకుండని మాత్రం రుద్దకుండా వదిలెయ్యండి, అది చెమర్చితేనే నీళ్లు చల్లబడతాయి.

ఆరబెట్టడం

నీడలో, గాలి నేరుగా తగలని మూల, కనీసం పది రోజులు. వానాకాలమైతే మూడు వారాలు. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది కదా అనే ఆలోచన మానుకోండి. వడగాలి తగిలిన పక్క ముందు ఆరి ముడుచుకుంటుంది, రెండో పక్క ఇంకా తడిగా ఉంటుంది, మధ్యలో పగులుతుంది. మొదటి మూడు రోజులు అంచుకి తడిగుడ్డ చుట్టి ఉంచి, తర్వాత బోర్లించండి, అడుగుకి కూడా గాలి అందాలి.

ఆరిందో లేదో చూడ్డానికి కుండని చెంపకి ఆనించుకోండి. చల్లగా తగిలితే ఇంకా చెమ్మ ఉంది.

కాల్చడం

ముందు జాగ్రత్తలు. గడ్డివాములకీ పూరిపాకలకీ దూరంగా, గాలి లేని సాయంత్రం, మట్టినేల మీద. డాబా మీద, సిమెంటు మీద వద్దు, వేడికి సిమెంటు పెట్లిపోతుంది. నూలుబట్టలు వేసుకోండి. రెండు బకెట్ల నీళ్లు, ఒక తట్ట మట్టి పక్కన ఉండాలి. నగరాల్లో, విదేశాల్లో ఉన్నవాళ్లు ఆరుబయట మంట వెయ్యడానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే దగ్గర్లో కుండల స్టూడియో ఉంటే వాళ్ల బట్టీలో డబ్బులిచ్చి కాల్పించుకోవచ్చు. అలా అయితే మీ మట్టి ఎంత వేడికి తట్టుకుంటుందో తెలియదని ముందే చెప్పి, 900 డిగ్రీలు దాటనివ్వొద్దనండి. చెరువు మట్టి అంతకంటే బాగా పైకి పోతే కరిగి వాళ్ల బట్టీ పాడుచేస్తుంది.

నా ఏడు కుండలు పోయింది ఇక్కడే. చెంపకి వెచ్చగా తగిలిన కుండలో కూడా కంటికి కనపడని తేమ ఉంటుంది. 100 డిగ్రీలు దాటగానే అది ఆవిరవుతుంది. వేడి నెమ్మదిగా పెరిగితే ఆవిరి రంధ్రాల్లోంచి జారుకుంటుంది. ఒక్కసారిగా మంట తగిలితే దారి చాలక గోడని పేల్చుకుని వస్తుంది. మట్టిలో గాలిబుడగ ఉండటంవల్ల కుండ పేలుతుందని చాలామంది అంటారు, పేల్చేది గాలి కాదు, తేమ. పూర్తిగా ఆరిన కుండలో బుడగ ఉన్నా నిక్షేపంగా కాలుతుంది.

కాబట్టి ముందు వెచ్చబెట్టాలి. చిన్న నెగడు వేసి, దానికి రెండు మూరల దూరంలో కుండల్ని చుట్టూ బోర్లించండి. పావుగంటకోసారి తిప్పుతూ, అరగంటకోసారి కొంచెం దగ్గరికి జరుపుతూ మొత్తం రెండు గంటలకి తగ్గకుండా ఉంచండి. చివర్లో కుండ మూతిమీద చల్లటి స్టీలు పళ్లెం పట్టి చూడండి. ఆవిరి పడితే ఇంకా ఆగాలి. కుండ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కి, పళ్లెం పొడిగా ఉంటే సిద్ధం.

మోకాలి లోతులో సగం గుంట తవ్వి, తడి లేకుండా ముందే అందులో మంట వేసి ఆరబెట్టుకుని ఉండాలి. అడుగున ఒక వరుస పిడకలు, వాటిమీద పెంకులు, పెంకుల మీద వేడి కుండలు బోర్లించి. కుండకీ కుండకీ మధ్య పిడకముక్కలు. చుట్టూ పిడకలు గోడలా నిలబెట్టి, పైన ఇంకో రెండు వరుసలు కప్పండి. ఆపైన వరిగడ్డి మందంగా పరిచి, బూడిద చల్లి, పల్చటి బురద పూతలా మెత్తండి. ఇదే మన ఆవం. చుట్టూ నాలుగైదు చోట్ల పిడికెడు కంతలు వదలండి. నాలుగు చిన్నకుండలకి నాకు నిండుగా ఒక బస్తా పిడకలు పడతాయి.

నిప్పు పైనుంచి పెట్టండి. కింద అంటిస్తే మంట ఒక్కసారిగా లేచి కుండల్ని నాకుతుంది. పైన అంటిస్తే వేడి గంటల తరబడి మెల్లగా కిందికి దిగుతుంది. పిడకలు కట్టెల్లా భగ్గుమనవు, నిదానంగా కాలతాయి, ఉట్నూరు దొడ్డివాళ్ల దగ్గర ఇంతకంటే మంచి వంటచెరకు లేదు, మన దగ్గరా లేదు. 450 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టి రేణువుల్లో బిగుసుకుని ఉన్న ఆఖరి నీరు కూడా పోతుంది. ఆ గీత దాటిన మట్టి మళ్లీ బురద కాదు. చీకటిపడ్డాక కంతలోంచి తొంగిచూస్తే కుండ తనంతట తానే ముదురు ఎరుపుగా వెలుగుతూ కనపడాలి. ఆ ఎరుపు కనీసం అరగంట నిలవాలి. నిలవకపోతే ఆ పక్క మరికొన్ని పిడకలు పెట్టండి.

ఆ తర్వాత తెల్లారేదాకా ముట్టుకోవద్దు. 573 డిగ్రీల దగ్గర ఇసుక రేణువులు ఒక్కసారిగా సైజు మారతాయి, వేడెక్కేటప్పుడు ఉబ్బి, చల్లారేటప్పుడు ముడుచుకుని. బూడిద తోసి చల్లగాలి తగిలిస్తే ఆ గీత దగ్గర కుండ టింగుమని చీలుతుంది. ఆ శబ్దం రాత్రి పదకొండింటికి వింటే నిద్ర పట్టదు, అనుభవంతో చెబుతున్నాను.

నల్లకుండ కావాలంటే, కుండ ఎర్రగా వెలుగుతున్నప్పుడే ఊక, పేడపొడి గుమ్మరించి, కంతలన్నీ మట్టితో మూసెయ్యండి. గాలి అందక పొగలోని మసి గోడలోకి ఇంకుతుంది, మట్టిలోని ఇనుము కూడా ఎరుపు వదులుతుంది. దక్షిణాది రాక్షసగుళ్లలో (పెద్ద పెద్ద రాళ్లు పేర్చి కట్టిన పాతకాలపు సమాధుల్లో) దొరికే కుండలు లోపల, మూతి దగ్గర నలుపు, కింద ఎరుపు. గాలి అందని భాగం నల్లబడి, అందిన భాగం ఎర్రబడటంవల్ల వచ్చే రెండు రంగులవి. మీ కుండ మీద కూడా పిడక ఆనిన చోట నల్లమచ్చ పడుతుంది, అది తప్పు కాదు.

పగులు ఏం చెబుతుందంటే

తెల్లారి బూడిద తీసి ఒక్కోదాన్నీ వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే బాగుంది. బద్దలైన శబ్దం వస్తే కంటికి కనపడని బీట ఉంది.

పోయినవాటిని పారెయ్యకుండా పరీక్షగా చూడండి. పళ్లెంలా, నాణెంలా పెచ్చులు ఊడితే అది ఆవిరి, వెచ్చబెట్టడం చాల్లేదు. అడ్డంగా గుండ్రటి పగులైతే తాళ్ల అతుకు సరిగ్గా రుద్దలేదు. అంచు నుంచి నిలువుగా దిగిన బీట అంచు ముందే ఆరిందని చెబుతుంది. అడుగులో బీట అయితే గోడలకంటే అడుగు మందం, లేదా బోర్లించడం ఆలస్యం. పెంకు విరిచి చూస్తే మధ్యలో నల్లచార ఉంటే లోపలిదాకా కాలడానికి టైమో గాలో చాల్లేదు, వంటకి వాడొచ్చు గానీ ఈసారి ఇంకో గంట ఎక్కువ వేడి నిలపండి. ఒక పెంకుని రాత్రంతా నీళ్లలో వేసి ఉంచండి. పొద్దున్నకి మెత్తబడిందంటే కుండ కాలనే లేదు. మిగిలినవాటిని ఆరబెట్టి మళ్లీ ఆవంలో పెట్టుకోవచ్చు.

వాడకంలోకి

వంటకుండని ఒక రోజంతా నీళ్లలో ముంచి ఉంచండి. తర్వాత చిక్కటి గంజి నిండా పోసి సన్నసెగ మీద అరగంట కాగనిచ్చి, అందులోనే చల్లారనిచ్చి పారబొయ్యండి. గంజిలోని పిండి రంధ్రాల్లోకి దిగి కుండ కారడం ఆగుతుంది. ఒక్కసారికి ఆగకపోతే మర్నాడు మళ్లీ. ఎండాక లోపలా బయటా నువ్వులనూనె రాసి మళ్లీ సెగ చూపించండి. నునుపు మెరుపు కోసం బజారు రంగులు, వార్నిషులు మాత్రం తిండి కుండలకి వెయ్యొద్దు.

గ్యాస్ పొయ్యి మీద అయితే ఎప్పుడూ సన్నమంటతోనే మొదలుపెట్టండి, ఖాళీకుండ పెట్టొద్దు, వేడిగా ఉన్నదాంట్లో చన్నీళ్లు పొయ్యొద్దు. మొదటి నెల పులుసులు వద్దు, అన్నమో పప్పో వండండి. సబ్బు పీల్చుకుంటుంది కాబట్టి బూడిదతోనో కొబ్బరిపీచుతోనో తోమి, ఎండలో బోర్లించండి, లేకపోతే బూజు పడుతుంది.

నీళ్లకుండకి గంజి పట్టించవద్దు. రెండుసార్లు నీళ్లు పోసి పారబోసి, మూడోసారి నింపి, కుదురు మీద తడి ఇసుక పోసి కిటికీ పక్కన గాలికి పెట్టండి. మొదటి రెండు రోజులు నీళ్లు మట్టివాసన వేస్తాయి.